వందలో పదిసార్లు ‘మీరెవరో తెలియదు’

ల్యాప్‌టాప్ మూత తెరిచి ముఖం చూపిస్తే చాలు, లాగిన్ అయిపోయే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2015 జులై 29న విండోస్ 10తో పాటు తెచ్చింది. దాని పేరు విండోస్ హలో. ఈ సదుపాయానికి ఆ సంస్థ పెట్టిన కొలతలు రెండు. వేరేవాళ్ల ముఖం చూసి మీరేనని తెరుచుకోవడం 0.001 శాతం లోపే ఉండాలి, అంటే లక్షలో ఒకటి కూడా దాటకూడదు. మీ ముఖాన్నే చూసి మీరు కాదనడం మాత్రం 5 శాతం లోపు ఉంటే చాలు. ఫొటో చూపించి మోసం చేసేవాళ్లను పట్టే తనిఖీ కూడా కలిస్తే ఆ హద్దు 10 శాతం.

నాయుడుపేటలో ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులైనా, మేనకూరు సెజ్‌కో శ్రీసిటీకో రోజూ వెళ్లొచ్చేవాళ్లయినా ముందు ఈ లెక్క పట్టుకోవాలి. రోజుకు పదిసార్లు ల్యాప్‌టాప్ తెరిస్తే అందులో ఒకసారి కాదనడం కంపెనీ ఒప్పుకున్న హద్దులోనే ఉంది. అది రిపేరు కాదు. రోజంతా కాదంటూ ఉంటేనే రిపేరు.

లక్షలో ఒకటి అంటే ఎంతో చూడాలంటే మనకు తిరుమల ఉంది. మామూలు రోజుల్లో కొండకు 60, 70 వేల మంది వస్తుంటారు. ఒక రోజు వచ్చినవాళ్లందరి ముఖాలూ వరసగా మీ ల్యాప్‌టాప్‌కు చూపించినా, అది పొరపాటున తెరుచుకునేది సగటున ఒక్కసారి కూడా ఉండదు. కవలలకు, అచ్చం ఒకేలా ఉండే అన్నదమ్ములకు ఈ లెక్క వర్తించదు. యంత్రం అంత గట్టిగా కాపలా కాస్తుంది కాబట్టే అప్పుడప్పుడు ఇంటివాళ్లనూ బయట నిలబెడుతుంది. నా మటుకు ఈ బేరం సరైనదే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఒకసారి కాదంటే అక్కడే కూర్చుని మళ్లీ మళ్లీ ముఖం చూపిస్తారు. కాగితం మీద లెక్క వేస్తే వరసగా రెండుసార్లు కాదనడానికి అవకాశం 10 శాతంలో 10 శాతం, అంటే వందలో ఒకటే. కానీ కుర్చీ మారలేదు, వెలుతురు మారలేదు, కళ్లజోడు మీద మెరుపు మారలేదు. మొదటిసారి కాదన్న కారణం రెండోసారీ అక్కడే ఉంటుంది. మారాల్సింది మీరు కూర్చున్న చోటు.

ఎందుకంటే విండోస్ హలో ముఖ్యంగా చూసేది మనం చూసే వెలుగును కాదు. మన కంటికి కనిపించేది దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల వరకే. కెమెరా పక్కనున్న చిన్న ఎల్‌ఈడీ దానికి ఆవలి పరారుణ కాంతిని ముఖం మీదకు వదులుతుంది. తిరిగొచ్చిన కాంతిని ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పట్టుకుంటుంది. ఫోన్ తెర మీది ఫొటో ఆ కాంతిలో ముఖంలా కనిపించదు, అందుకే ఈ ఏర్పాటు. చిక్కల్లా ఎండతోనే. నేలకు చేరే సూర్యశక్తిలో దాదాపు సగం పరారుణమే. వరండాలోనో, తెరిచిన కిటికీకి వీపు పెట్టో కూర్చుంటే ఆ ఎండ ముందు ఎల్‌ఈడీ వెలుగు ఏ మూలకూ చాలదు. కుర్చీ తిప్పుకుంటే ఖర్చు లేకుండా తీరిపోతుంది.

చీకటి సంగతి ఈమధ్యే మారింది. 2025 ఏప్రిల్ 8 దాకా కరెంటు పోయిన గదిలో కూడా విండోస్ హలో గుర్తుపట్టేది. ఆ రోజు వచ్చిన విండోస్ 11 అప్‌డేట్‌తో మామూలు రంగుల కెమెరాకు కూడా ముఖం కనబడాలన్న నియమం వచ్చింది. ముఖ గుర్తింపును మోసగించగల లోపం ఒకటి బయటపడటంతో దాన్ని పూడ్చడానికి తెచ్చిన మార్పు అది. కాబట్టి నిన్నటిదాకా చీకట్లో తెరుచుకున్న ల్యాప్‌టాప్ ఇప్పుడు మొండికేస్తే కెమెరా చెడిపోయిందనుకోవద్దు. లైటు వేయండి. డివైస్ మేనేజర్‌లో రంగుల కెమెరాను ఆపేస్తే చీకట్లోనూ పనిచేస్తుందని కొందరు చెబుతున్నారు. వీడియో కాల్స్‌కు కెమెరా లేకుండా పోవడమే కాదు, రక్షణకు పెట్టిన తనిఖీని మనమే తప్పించినట్టవుతుంది. ఆ పని చేయకండి.

‘గుర్తుపట్టలేదు’ అన్న సందేశం వేరు, ‘విండోస్ హలోకు సరిపడే కెమెరా దొరకలేదు’ అన్నది వేరు. రెండోది వస్తే ముఖంతో సంబంధం లేదు. కెమెరా మీది షట్టర్ మూసి ఉందేమో చూడండి. తర్వాత ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి, లాగిన్ తెర వచ్చినప్పుడు ఆ ఫోన్‌ను ల్యాప్‌టాప్ కెమెరాకు ఎదురుగా పట్టుకోండి. చాలా మోడళ్లలో ఊదారంగు చుక్క మిణుకుమిణుకుమంటూ ఫోన్‌లో కనిపిస్తుంది. కనబడితే ఎల్‌ఈడీ బతికే ఉంది, గొడవ డ్రైవర్‌దో అప్‌డేట్‌దో కావచ్చు. డివైస్ మేనేజర్‌లో బయోమెట్రిక్ డివైసెస్ కింద విండోస్ హలో ఫేస్ ఉందో లేదో చూసి, ల్యాప్‌టాప్ తయారీ కంపెనీ సైటు నుంచి కెమెరా డ్రైవర్ మళ్లీ వేసుకోవాలి. చవక ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరానే ఉండదు. లేనిదాన్ని ఏ సెట్టింగూ తెచ్చిపెట్టదు.

ఫోన్‌లో హాజరు పడుతోంది కదా, ల్యాప్‌టాప్‌కేమైందని ఉద్యోగులు అడుగుతుంటారు. రాష్ట్రంలో టీచర్లకు 2022 ఆగస్టు నుంచి, మిగతా ప్రభుత్వ ఉద్యోగులకు 2023 జనవరి 1 నుంచి ముఖంతో హాజరు వచ్చింది. హాజరు యాప్ ఫోన్‌లోని మామూలు కెమెరాతో నడుస్తుంది. ల్యాప్‌టాప్ మాత్రం తనలోనే దాచుకున్న పరారుణ కొలతలతో పోల్చుకుంటుంది. నెట్ లేకున్నా అది పనిచేయాలి, కాబట్టి నెట్ పోయిందన్నది ఇక్కడ కారణం కాదు.

మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చినవాళ్ల మాటేమిటి? పోలిక ముఖ్యంగా కళ్లు, ముక్కు, నోటి దగ్గరే కాబట్టి తల వెంట్రుకలతో పెద్దగా పేచీ ఉండదు. గడ్డం, మీసం కూడా తీయించుకుంటే మాత్రం తిరస్కారాలు పెరగవచ్చు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్ ఇన్ ఆప్షన్స్, అక్కడ ఫేషియల్ రికగ్నిషన్ కింద ‘ఇంప్రూవ్ రికగ్నిషన్’ నొక్కి కొత్త ముఖాన్ని చూపించండి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూపించాలి. పాతదాన్ని చెరిపేయక్కర్లేదు.

ఇవేవీ కుదరక రిపేరుకు తిరుపతికో నెల్లూరుకో బస్సెక్కాల్సి వస్తే ముందు రెండు చూసుకోండి. ఒకటి పిన్. ముఖంతో అలవాటుపడి దాన్ని మరిచిపోయినవాళ్లు ఎందరో. రెండోది డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌కు చెందిన 48 అంకెల రికవరీ కీ. మదర్‌బోర్డు మార్చినా, సెక్యూరిటీ చిప్‌ను చెరిపినా ల్యాప్‌టాప్ దాన్నే అడగవచ్చు. అప్పుడది చేతిలో లేకపోతే డిస్కులోని ఫైళ్లు తెరుచుకోవు. చాలామందికి అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే భద్రపరచి ఉంటుంది. కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి, ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం వద్దు.