పగిలిన గాజుల మన్నిక

చండీగఢ్ నిర్మాణకాలమున రోడ్డు ఇన్‌స్పెక్టరు నేక్ చంద్ పగిలిన చేతిగాజులను, పింగాణీ పెంకులను, పాత సైకిలు భాగములను ఏరి తెచ్చి, ప్రభుత్వపు అటవీ స్థలమున రహస్యముగా దాచెను. 1957లో మొదలైన పని అది. వాటిని సిమెంటుతో అతికి బొమ్మలు చేసెను. అనుమతి లేదు గనుక, సంగతి బయటపడినపుడు అన్నిటిని కూల్చివేసి యుండవచ్చును. ప్రజలు మెచ్చుటచేత అవి నిలిచి, 1976లో రాక్ గార్డెనుగా తెరువబడెను.

ఆ రంగులు ఎండకు వెలిసిపోకుండుటకు కారణమేమి? గుడ్డల అద్దకములలోని కర్బన అణువులను అతినీలలోహిత కిరణములు విరుగగొట్టును. నీలిగాజులోని కోబాల్టు అట్లు కాదు; గాజుతోపాటే కరిగి దానిలో ఇమిడిపోవును. కాలిన మట్టి సంగతి ఇంకను విచిత్రము. కొలిమిలో అది తన నిర్మాణములోనే బంధింపబడిన నీటిని కోల్పోవును. ఆపై ఎంత నానినను మరల బురద కాదు.

బలహీనత అంతయు లోపల ఆధారముగా నిలిపిన ఇనుములో ఉన్నది. సిమెంటు క్షారగుణము దానిని కాపాడును గాని, పగుళ్లగుండా నీరు చేరినచో తుప్పు ఉబ్బి బొమ్మనే చీల్చును.