టైము తప్పిన కంప్యూటర్!

దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. నెట్ బాగానే ఉంది. కానీ సైటు తెరుచుకోదు. 'కనెక్షన్ సురక్షితం కాదు' అంటూ ఒకటే గోల! ఇలాంటప్పుడు ఓసారి తెర మూలనున్న తేదీ చూడండి. ఏళ్లు వెనక్కి వెళ్లిపోయిందేమో!

వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు గడువుంటుంది. కంప్యూటర్ తేదీ ఆ గడువులో లేకపోతే బ్రౌజర్ వాటిని నమ్మదు.

ఆపి, మళ్లీ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ మారుతోందా? మదర్‌బోర్డు మీదుండే సెల్ అయిపోయినట్లే. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా నాణెంలాంటి 3 వోల్టుల సీఆర్2032 సెల్ ఉంటుంది. ప్లగ్ తీసేశాకే మార్చాలి.

తేడా కచ్చితంగా అయిదున్నర గంటలో, పన్నెండున్నర గంటలో ఉందా? సెల్ బాగానే ఉంది, టైమ్‌జోన్ తప్పు. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని 'టైమ్ అండ్ లాంగ్వేజ్'కు వెళ్లి, 'డేట్ అండ్ టైమ్'లో 'యూటీసీ+05:30 చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ'ని ఎంచుకోండి. ముందు టైమ్‌జోన్, ఆ తర్వాతే టైము! లేదంటే ముల్లు సరిచేసినా మళ్లీ తప్పుతుంది.

కొద్ది నిమిషాలే తేడానా? 'సింక్ నౌ' నొక్కితే చాలు. తేదీ మరీ వెనకుంటే ముందు చేత్తో సరిచేసి, తర్వాత నొక్కండి.

అన్నట్టు, జాబితాలో మన ఊళ్ల పేర్లు లేవని చిన్నబుచ్చుకోకండి. దేశమంతటి టైముకూ ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వెళ్లేది మన కాకినాడ దగ్గర్నుంచే!