పొరపాటున పుట్టిన గుర్రబ్బండి

షూ అంటే ఒకటి, షూస్ అంటే రెండు. అయినా మనలో చాలామంది ‘షూస్‌లు’ అనేస్తుంటారు. చిప్స్‌ని కూడా ‘చిప్స్‌లు’ చేసేస్తారు. బహువచనానికి మళ్లీ బహువచనం! ఇంగ్లిష్‌వాళ్లు ఒకప్పుడు దీనికి సరిగ్గా ఉల్టా పొరపాటు చేశారు. ఒక్కటే ఉన్నదాన్ని పట్టుకుని చాలా ఉన్నాయనుకున్నారు. ఆ పొరపాటులోంచే ఓ గుర్రబ్బండికి పేరొచ్చింది. అదే ‘షే’.

ఫ్రెంచిలో ‘షేజ్’ అంటే కుర్చీ. రెండు చక్రాలు, మడిచేయడానికి వీలుండే టాపు, ఒకరిద్దరు కూర్చునే సీటు, ముందు ఒకే గుర్రం... చూడ్డానికి కుర్చీకి చక్రాలు తగిలించినట్టే ఉండే తేలికపాటి బండికీ ఆ పేరే పెట్టారు. మన జట్కాలోలా కాళ్లు ముడుచుకోనక్కర్లేదు, కళ్లాలు కూడా చాలాసార్లు ఎక్కినవాళ్లే పట్టుకునేవారు. 18వ శతాబ్దం నాటికి ఈ బండి ఇంగ్లండుకీ, అక్కణ్నుంచి అమెరికాకీ చేరింది. బండితోపాటు పేరూ వెళ్లింది. చివర ‘జ్’ వినపడేసరికి జనం అది బహువచనం అనుకున్నారు. రెండుంటే షేజ్ అయితే ఒకటుంటే? ‘షే’! అంతే, మాట తయారు.

నవ్వుకోనక్కర్లేదు. బఠాణీని ఇంగ్లిష్‌లో మొదట ‘పీజ్’ అనేవారు. అదీ ఇలాగే తోక తెగి ‘పీ’ అయింది. చెర్రీ పండు కథా ఇదే. కాకపోతే ఆ రెండు మాటలూ నిలిచాయి. రైళ్లు, ఆ తర్వాత కార్లు వచ్చి గుర్రబ్బళ్లు పోయాక ‘షే’ మాత్రం నిఘంటువులో పాతమాటగా మిగిలిపోయింది.

అలా మిగలడానికైనా ఓ డాక్టరుగారే ముఖ్య కారణం. ఆలివర్ వెండెల్ హోమ్స్ అమెరికాలోని బోస్టన్‌లో వైద్యుడు, హార్వర్డ్‌లో వైద్యవిద్య బోధించారు. కవి కూడా. 1858లో ఆయన రాసిన ఓ సరదా కవితలో ఒక చర్చి పెద్దమనిషి తన ‘షే’ని తయారుచేయిస్తాడు. ఏ బండైనా పాడయ్యేది ఎక్కడో ఒక బలహీనమైన చోట నుంచే కదా! అందుకని ఏ భాగమూ మరో భాగం కన్నా బలహీనంగా ఉండకూడదని పట్టుబడతాడు. కవితలో బండి పూర్తయిన రోజు 1755 నవంబరు 1. పోర్చుగల్ రాజధాని లిస్బన్ భూకంపంలో నేలమట్టమైన రోజది. కొన్నవాళ్లు పోయారు, వాళ్ల పిల్లలూ పోయారు. బండి మాత్రం చెక్కు చెదరలేదు. సరిగ్గా వందేళ్లకు, అదే రోజు, పాస్టరుగారు ఎక్కి వెళ్తుండగా ఒక్క క్షణంలో కుప్పకూలింది. ముందు ఇరుసు, తర్వాత చక్రం... అలా కాదు. అన్నీ ఒకేసారి! మత సిద్ధాంతాల మీద హోమ్స్ విసిరిన చురక అది అంటారు చాలామంది విమర్శకులు. పిల్లలకు మాత్రం అది బండి కథే.

చిత్రం ఏంటంటే, ఈ బండి ఇప్పుడు ఆర్థికశాస్త్రంలో తిరుగుతోంది! అందులో ‘వన్ హాస్ షే’ అనే మాట ఒకటుంది. ఒంటి గుర్రపు బండి అని అర్థం. ‘హాస్’ అన్నది అమెరికా పల్లెల్లో గుర్రానికి వాడే యాస. చివరిదాకా ఒకేలా పనిచేసి, ఒక్కసారిగా ఆగిపోయే వస్తువుల్ని అలా అంటారు. పాతకాలం కరెంటు బల్బు మంచి ఉదాహరణ. నిన్న వెలిగినట్టే ఇవాళా వెలుగుతుంది, టప్‌మని పోతుంది. స్కూటర్ అలా కాదు. ఏడాదికేడాదికీ మైలేజీ తగ్గుతుంది, మెకానిక్ బిల్లు పెరుగుతుంది. ఫ్యాక్టరీలో యంత్రం ఏ బాపతో తేల్చుకోకపోతే దాని సత్తా లెక్కలన్నీ తారుమారవుతాయి. ఇందులో ఓ మెలిక ఉంది. బల్బు వెలుగు తగ్గకపోయినా విలువ తగ్గుతూనే ఉంటుంది, మిగిలిన ఆయువు తరుగుతోంది కాబట్టి.

ఇంతకీ అసలు ‘షేజ్’ ఏమైంది? మళ్లీ ఇంట్లోకే వచ్చింది. కాళ్లు చాపుకునే పొడవాటి కుర్చీని ఫ్రెంచివాళ్లు ‘షేజ్ లాంగ్’ అంటారు. లాంగ్ అంటే పొడవు. అమెరికన్లు దాన్ని ‘లాంజ్’గా చదువుకున్నారు. ఇప్పుడు సోఫాల కేటలాగుల్లో అచ్చవుతున్నదీ చాలాచోట్ల ఆ రెండోదే.