రసీదు చేతికొచ్చింది, పాలసీ రాలేదు

బీమా తగాదాతో నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు మన బందరు కేసే చెబుతాను. 1960 డిసెంబరు 27న ఒకాయన 50,000 రూపాయల ఎల్ఐసీ పాలసీకి ప్రపోజల్ ఇచ్చారు. డాక్టరు పరీక్షా ఆ రోజే అయింది. ప్రీమియం కింద 300కి, 220కి రెండు చెక్కులు రాశారు. మొదటిది వెంటనే మారింది. రెండోది బౌన్సవుతూ వచ్చి చివరికి జనవరి 11న మారింది. మర్నాడే ఆయన పోయారు. కుటుంబం కోర్టుకెక్కితే హైకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 1984లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రీమియం తీసుకుని ఉంచుకున్నంత మాత్రాన ఒప్పందం కుదరదు, ప్రపోజల్‌ని ఒప్పుకున్నట్టు సంస్థ తెలియజేయాలి అంది. మౌనం అర్ధాంగీకారమన్న మాట ఇక్కడ చెల్లదన్నమాట.

ఈ మధ్య ఒకామె రసీదు పట్టుకొచ్చింది. నాలుగు మడతలు పెట్టి ఆధార్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. ‘డబ్బు కట్టేశారుగా అక్కా, పాలసీ వచ్చినట్టే’ అన్నాడట ఏజెంటు. విప్పి చూస్తే, పైన ‘ప్రపోజల్ డిపాజిట్’ అని ఉంది. అంటే డబ్బు వాళ్ల దగ్గర ఉంది, రిస్కు మాత్రం ఇంకా మొదలవలేదు. ఈసీజీ కావాలని కంపెనీ అడిగిన సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. భర్తను పోగొట్టుకున్న మనిషికి ఈ తేడా విడమరిచి చెప్పడం ఎంత కష్టమో!

అలాగని కంపెనీలు ఎన్నాళ్లయినా నాన్చవచ్చని కాదు. ఇంటి రుణంతో ముడిపడ్డ ఒక బీమా కేసులో 2018లో సుప్రీంకోర్టు, ప్రపోజల్ తిరస్కరించదలిస్తే సహేతుకమైన గడువులోనే ఆ సంగతి చెప్పాలని తేల్చింది. నా దృష్టిలో ఇదే న్యాయం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017 నిబంధనల్లోనే నిర్ణయానికి 15 రోజుల గడువు పెట్టింది. 2025 మార్చి నుంచి బీమా-ఆస్బా వచ్చింది. ఇందులో ప్రీమియం సొమ్ము మన ఖాతాలోనే యూపీఐ ద్వారా ఆగి ఉంటుంది, కంపెనీ ఒప్పుకున్నాకే కదులుతుంది.

కాబట్టి ‘అయిపోయినట్టే’ అన్న మాట నమ్మకండి. మొదటి ప్రీమియం రసీదో, పాలసీ బాండో వచ్చేదాకా కంపెనీనే నేరుగా అడగండి. ఇంకా ఏం కాగితాలు కావాలో రాతలో తెప్పించుకోండి. క్లెయిమ్ కాదంటే ముందు కంపెనీకే రాతలో ఫిర్యాదు చేయండి. అదీ కాదంటే, ఆ ఉత్తరం అందిన ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.