కొత్త లాంగ్వేజ్‌లో క్లాస్, ఆబ్జెక్ట్: ముందు ఈ మూడు లైన్లు రాసి చూడండి

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో జావా చదివి, ఇప్పుడు ఫోన్ యాప్ చేద్దామని కోట్లిన్ తెరిచినవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ఆండ్రాయిడ్‌లో కోట్లిన్‌కు అధికారిక సపోర్ట్ ఇస్తామని గూగుల్ 2017లో ప్రకటించింది. 2019 నుంచి మొదటి ప్రాధాన్యం దానికే. కాబట్టి తప్పించుకోలేం!

మన మామిడి మండీనే తీసుకుందాం. సీజన్‌లో దామలచెరువుకు ట్రాక్టర్లలో కాయలు వస్తాయి కదా. కాటా వేశాక చీటీ ఇస్తారు. అచ్చు వేసిన ఖాళీ చీటీ ఉంది చూడండి, అది క్లాస్. "తోతాపురి, 3200 కిలోలు" అని రాసి రైతు చేతికిచ్చింది ఆబ్జెక్ట్.

జావాలో దీనికోసం ఫీల్డులు, కన్‌స్ట్రక్టర్, అందులో మళ్లీ 'దిస్ డాట్' అంటూ బోలెడు రాస్తాం. కోట్లిన్‌లో ఒకటే లైన్. 'డేటా క్లాస్ చీటీ' అని రాసి, బ్రాకెట్లో 'వాల్ రకం' స్ట్రింగ్, 'వార్ బరువు' ఇంట్ అని పెడితే అయిపోయింది. ఆ బ్రాకెట్టే కన్‌స్ట్రక్టర్. ఆబ్జెక్ట్ చేయడానికి 'న్యూ' అక్కర్లేదు, క్లాస్ పేరు రాసి విలువలు ఇస్తే చాలు. వాల్ అంటే ఒకసారి ఇచ్చాక మారదు, వార్ అంటే మార్చొచ్చు.

ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. అసలు చిక్కు ఇప్పుడు చెప్తా.

'ఎ' అనే చీటీలో 3200 కిలోలు ఉన్నాయి. తరుగు తీస్తే ఎంతవుతుందో చూద్దామని 'వాల్ బి ఈక్వల్స్ ఎ' అని రాసి, బి బరువును 3000 చేశాం. ఇప్పుడు ఎ ని ప్రింట్ చేయండి. 3000 వస్తుంది! బిల్లు వేసే కోడ్ మళ్లీ ఎ నుంచి 200 తరుగు తీస్తే 2800కే డబ్బులు. కిలో 10 రూపాయలనుకున్నా రైతుకు 2000 రూపాయలు పోయినట్టే. ఎర్రర్ ఏమీ రాదు, యాప్ చక్కగా నడుస్తూనే ఉంటుంది.

ఎందుకలా? బి కొత్త చీటీ కాదు. ఇంట్లో చిన్నీ, కాలేజీలో లావణ్య అన్నట్టు, ఉన్న ఒక్క చీటీకి రెండో పేరు. 'వాల్ బి' అని పెట్టాం కదా అంటారేమో. ఆ వాల్, బి అనే పేరును ఇంకో చీటీకి తగిలించకుండా ఆపుతుంది అంతే. చీటీ లోపలి బరువు వార్ కాబట్టి అది మారిపోతుంది.

వేరే చీటీ కావాలంటే 'ఎ డాట్ కాపీ' అని రాసి, బ్రాకెట్లో బరువు ఈక్వల్స్ 3000 అనాలి. నన్నడిగితే ఇలాంటి క్లాసులో బరువుకు కూడా వాలే పెట్టండి. అప్పుడు పొరపాటున మార్చబోతే కంపైలరే ఆపుతుంది.

జావా, పైథాన్‌లలోనూ ఇదే తంతు. సీ ప్లస్ ప్లస్‌లో మామూలు ఆబ్జెక్ట్‌కు ఈక్వల్స్ పెడితే మాత్రం నిజంగానే కాపీ అవుతుంది. స్విఫ్ట్‌లో అయితే స్ట్రక్ట్ కాపీ అవుతుంది, క్లాస్ కాదు. అందుకే కొత్త లాంగ్వేజ్ ఏది తెరిచినా 'హలో వరల్డ్' అయ్యాక నేను రాసేది ఈ మూడు లైన్లే: ఒక ఆబ్జెక్ట్ చేయడం, ఇంకో పేరుకు ఇవ్వడం, ఒకటి మార్చి రెండోది చూడటం.

కంప్యూటర్ లేకపోయినా ఫర్వాలేదు, కోట్లిన్ ప్లేగ్రౌండ్ ఫోన్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఏమీ మార్చకుండా కాపీ తీసి, రెండింటినీ రెండు ఈక్వల్స్‌తో పోల్చండి, ట్రూ వస్తుంది. మూడు ఈక్వల్స్‌తో పోల్చండి, ఫాల్స్ వస్తుంది. మొదటిది రాత ఒకటేనా అని అడుగుతుంది, రెండోది కాగితం ఒకటేనా అని.