విష ఇంధనాలకు విరుగుడు ఏది?

సూళ్లూరుపేట: శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ ప్రయోగం జరిగే ప్రతిసారీ ‘రెండో, నాలుగో దశల్లో ద్రవ ఇంధనం నింపారు’ అన్న మాట వార్తల్లో కనిపిస్తుంది. ఒక్క వాక్యంలో ముగిసే ఆ పని ప్రయోగ సన్నాహాల్లో అత్యంత ప్రమాదకరమైన వాటిలో ఒకటి. ఆ ద్రవాలు విషపూరితాలు కావడమే ఇందుకు కారణం.

నిప్పుతో పని లేదు

రెండో దశలోని వికాస్ ఇంజిన్‌లో హైడ్రజీన్ జాతి ఇంధనాన్ని, నైట్రోజన్ టెట్రాక్సైడ్ అనే ఆక్సీకరణిని వాడతారు. ఈ రెండూ తాకిన క్షణంలోనే మండుతాయి. నిప్పు రాజేసే పరికరం అక్కరలేదు. సాధారణ ఉష్ణోగ్రతలో ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి. కావలసినప్పుడల్లా ఇంజిన్‌ను మండించి ఆర్పవచ్చు. అందుకే ఉపగ్రహాల్లోనూ ఈ కోవకు చెందిన ద్రవాలకే ప్రాధాన్యం దక్కింది.

పీలిస్తే ప్రాణాంతకం

హైడ్రజీన్ కాలేయాన్ని, నాడీ వ్యవస్థను దెబ్బతీస్తుంది. నైట్రోజన్ టెట్రాక్సైడ్ 21 డిగ్రీల సెల్సియస్ వద్దే మరిగి ఎర్రటి గోధుమ రంగు ఆవిరిగా మారుతుంది. దానిని పీలిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. 1975లో అపోలో-సోయజ్ యాత్ర ముగించుకుని దిగుతున్న ముగ్గురు అమెరికన్ వ్యోమగాములు ఈ వాయువు బారిన పడి ఆసుపత్రి పాలయ్యారు. ఈ ద్రవాలు నింపే సిబ్బంది ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు ధరించక తప్పదు.

ప్రత్యామ్నాయాలు ఇవీ..

గాఢ హైడ్రోజన్ పెరాక్సైడ్ వీటిలో ముఖ్యమైనది. మండాక మిగిలేది ప్రధానంగా నీటి ఆవిరే. తగిన ఉత్ప్రేరకం కలిపిన ఇంధనం తగిలితే ఇదీ తనంతట తానే అంటుకుంటుంది. 1971లో బ్రిటన్ బ్లాక్ యారో రాకెట్‌ను ప్రధానంగా పెరాక్సైడ్, కిరోసిన్‌లతో నడిపి ఉపగ్రహాన్ని కక్ష్యలో ఉంచింది. అయితే మలినాలు చేరితే పెరాక్సైడ్ వేగంగా విచ్ఛిన్నమై పేలే ప్రమాదముంది. 2000లో రష్యా జలాంతర్గామి కుర్స్క్‌లో 118 మంది మృతికి దారితీసిన పేలుడు పెరాక్సైడ్ టార్పెడోతోనే మొదలైంది.

ఉపగ్రహాల చిన్న థ్రస్టర్లలో హైడ్రజీన్‌కు బదులు తక్కువ విషమున్న లవణ ద్రావణాలు వచ్చాయి. 2010లో స్వీడన్ ప్రిస్మా, 2019లో నాసా జీపీఐఎం ఉపగ్రహాలు వీటిని అంతరిక్షంలో పరీక్షించాయి. అయితే ఇవి తాకగానే మండవు. ముందుగా వేడెక్కించిన ఉత్ప్రేరకం ఉండాలి.

ఇస్రో బాట

ఎల్‌వీఎం3 రాకెట్‌లో వికాస్ ఇంజిన్ల దశకు బదులు ద్రవ ఆక్సిజన్, శుద్ధి చేసిన కిరోసిన్‌తో పనిచేసే సెమీ క్రయోజనిక్ దశను ఇస్రో రూపొందిస్తోంది. 2025 మార్చి 28న మహేంద్రగిరిలో ఈ ఇంజిన్‌కు సంబంధించిన కీలక పరీక్ష విజయవంతమైంది. అయితే ద్రవ ఆక్సిజన్‌ను మైనస్ 183 డిగ్రీల వద్ద ఉంచాలి. ఏళ్ల తరబడి తిరిగే ఉపగ్రహాలకు అది సరిపడదు. నిల్వ ఉండాలి, తాకగానే మండాలి, మనిషికి హాని తగ్గాలి. ఈ మూడూ కుదిరే ద్రవం చేతికందితేనే ఇంధనం నింపే సిబ్బందికి అసలైన ఊరట.