జంతుఫలము

ఉష్ణమండల వర్షారణ్యములందలి వృక్షములును, వాటిని తిని బ్రతుకు కీటకములును కోట్ల యేండ్లుగా ఒకదాని నొకటి యెట్లు తీర్చిదిద్దుకొనుచు వచ్చినవో వివరించి, శుక్రవారము సాయంకాలములోగా ముఖచిత్ర కథనము పంపవలెనని సంపాదకులవారి ఆజ్ఞ. నేనున్న కార్వేటినగరమున వర్షారణ్యము లేదు. ఎండకు వడలిన కొండలును, మామిడితోటలును, చెరువుగట్లును కలవు. అయినను, వేణుగోపాలస్వామిని సేవించి, పుష్కరిణి చూచి మరలుచు, మొదలు మొదలుకొని కొమ్మల దాక గుత్తులుగా కాయలు పట్టియున్న మేడిచెట్టు క్రింద నిలిచినపుడు, అమెజాను దాక పోవలసిన పని లేదని నాకు తోచినది. ఈ సీమవారు దానిని అత్తిచెట్టందురు.

ఆ నీడన మేకలను కాచుకొనుచున్న ఒక ముసలమ్మ, పండొకటి రెండుగా విరిచి నా చేత బెట్టినది. నల్లని నలుసులవంటి పురుగులు కదలుచుండగా చూచి నేను చేయి వెనుకకు తీసికొంటిని. "ఊదేసి తిను నాయినా. ఆ పండులో పుట్టినవే గదా అవి!" అని ఆమె తన సగమును ఊది నోట వేసికొనినది.

వేమన పిరికివాని డాంబికమునకు మేడిపండును సామ్యము చెప్పినాడు. ఆ పద్యము బడిలో కంఠస్థము చేయని తెలుగువారు అరుదు. నాకును అది ప్రియమైనదే. కాని పండు పక్షమున చెప్పవలసిన మాట యొకటి మిగిలియున్నదని ఆనాడు తోచి, ఇల్లు చేరి అమరకోశము తెరచితిని. ఉదుంబరమునకు, అనగా మేడికి, అమరసింహుడు చెప్పిన పర్యాయపదములు నన్ను చాలసేపు కదలనీయలేదు: జంతుఫలము, యజ్ఞాంగము, హేమదుగ్ధకము. జంతువులు గల ఫలమని చెప్పిన నోటితోనే, ఏవగింపు లేక, యజ్ఞమునకు అంగమైనదనియు ఆయన చెప్పినాడు. పూవు లేకయే ఫలించు చెట్టునకు వనస్పతి యను పేరును ఆ గ్రంథముననే కలదు. పూవు కానరాకుండుటయు, పండులో జంతువులుండుటయు ఒకే వృత్తాంతమునకు రెండు కొసలని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

మేడికి పూలు లేకపోలేదు. మనము కాయ యనుకొనునది, పూలనన్నిటిని లోపలికి త్రిప్పుకొని మూసికొనిన గుత్తి. దాని కొనయందలి ద్వారము పొలుసులతో ఎంత బిగిసియుండుననగా, తేనెటీగకు గాని తుమ్మెదకు గాని అందు ప్రవేశము లేదు. దూరగలిగినది చీమకన్న చిన్నదైన ఒక కందిరీగ మాత్రమే. దాని శాస్త్రనామము సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్. ఆ యిరుకున రెక్కలు తెగి, మీసములు విరిగి, ఇక వెలుపలికి రాలేని స్థితిలో లోనికి చేరిన ఆడపురుగు, తాను పుట్టిన పండునుండి రొమ్ముసంచులలో మోసికొని వచ్చిన పుప్పొడిని పూలకంటించి, కొన్ని పూలలో గ్రుడ్లు పెట్టి, అచ్చటనే మరణించును. గ్రుడ్డు పడిన పూవు పిల్లపురుగునకు ఊయలయు, ఆహారమును అగును, తక్కినవి విత్తనములగును. తన సంతానములో కొంత భాగమును పురుగునకు మేతగా ఒప్పగించి, ఆ వెలతో చెట్టు మిగిలిన సంతానమును కొనుక్కొనుచున్నది.

ముందుగా మేలుకొనునవి రెక్కలు లేని మగపురుగులు. అవి ఆడుపురుగులను కలిసి, వాటికొరకు కాయగోడను తొలిచి బాట వేసి, తాము వెలుగునందు బ్రతుకకయే అంతరించును. ఆ సమయమునకే సిద్ధమైన పుప్పొడిని నింపుకొని ఆడుపురుగులు ఆ బాటవెంట ఎగిరిపోవును. అవి చాలవరకు పోయిన పిమ్మట గదా కాయ మెత్తబడి, ఎర్రబారి, గబ్బిలములను, పక్షులను, కోతులను పిలుచును!

ఇంతటి పొత్తునకును దొంగలు లేకపోలేదు. అపోక్రిప్టా యను మరియొక కందిరీగ కాయలోనికి పోకయే, వెలుపలినుండి పొడవైన సూదితో గోడను తొలిచి, లోపలి పిల్లలపై గ్రుడ్లు పెట్టును. ఆ సూదికొన దంతములలో జింకు లోహము కలదని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2014లో ప్రకటించిరి. ద్వారము బిగిసినకొలది దూరు కందిరీగ తల సన్నబడినది. గోడ గట్టిపడినకొలది సూది లోహము ధరించినది. సహపరిణామ మనగా ఇదియే.

చరిత్ర క్లుప్తముగా: సీతాకోకచిలుకలకును మొక్కలకును గల ఇట్టి బంధమును శాస్త్రజ్ఞులు పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ 1964లో సిద్ధాంతముగా నిలిపిరి. మర్రి, రావి, మేడి జాతివృక్షములు లోకమున సుమారు 750. కందిరీగలతో వాటి బంధము వయస్సు సుమారు ఏడున్నర కోట్ల యేండ్లు. ఇంగ్లండున వైట్ ద్వీపమున దొరికిన 3.4 కోట్ల యేండ్లనాటి శిలాజపు కందిరీగకును పుప్పొడి సంచులు కలవు. ఇక ఈ ఊరు ఒకప్పటి బొమ్మరాజుల సంస్థానము, సారంగపాణి పదములు పాడిన చోటు. 'కాడువెట్టి నగరము', అనగా అడవి నరికి కట్టిన ఊరు, కార్వేటినగర మైనదని చెప్పుదురు.

మరి రెండు జతలు

జిల్లేడు: దాని పాలు గుండెను ఆపు విషము. ఆ ఆకునే తిని పెరుగు 'ప్లెయిన్ టైగర్' సీతాకోకచిలుకను రుచి చెడినదని పక్షులు విడిచిపెట్టును.

ఈశ్వరితీగ: దీని విషమును 'క్రిమ్సన్ రోజ్' సీతాకోకచిలుక ఒంట దాచుకొనును. కరివేపాకు, నిమ్మ ఆకులపై పెరిగిన 'కామన్ మార్మన్' ఆడువాటిలో కొన్ని, విషము లేకున్నను, ఆ రంగులనే ధరించి ప్రాణము కాచుకొనును.

తోటయు, అడవియు

తల్లిచెట్టు క్రింద దానినే తిను పురుగులు మూగియుండుటచే, దూరమున పడిన విత్తనమునకే బ్రతుకు హెచ్చనియు, కావుననే వర్షారణ్యమున ఏ జాతియు అడవినంతటిని ఆక్రమింపజాలదనియు శాస్త్రజ్ఞులు జాన్‌జెన్ 1970లోను, కానెల్ 1971లోను చెప్పిరి. ఒకే మామిడి ఎకరములకొలది నిండిన తోటలో తేనెమంచు పురుగు ఏల విజృంభించునో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఒక్క చెట్టు చాలదు

ఒక మేడి కాయలన్నియు ఇంచుమించు ఒకే అదనున పండును. కావున అందు పుట్టిన పురుగునకు తల్లిచెట్టున చోటుండదు. ఒకటి రెండు దినముల ఆయువులో, ద్వారము తెరచుకొనిన వేరొక మేడిని వాసన పట్టి చేరవలెను. ఆఫ్రికాలో మేడికి చుట్టమైన చెట్టు కందిరీగలు నమీబు ఎడారిలో గాలివాటున 160 కిలోమీటర్ల దాక పుప్పొడి మోసినట్లు 2009లో తేలినది. ఆ దూరమున చెట్టు మిగిలియున్నది గనుకనే ఆ ప్రయాణము ఫలించినది. అడవి నరికిన జ్ఞాపకమును పేరులోనే మోయుచున్న ఈ ఊరు, వాగువెంట, చెరువుగట్టున, ఒకటి పండుచుండగా మరియొకటి పూయుచుండునట్లు మేడిమొక్కలను నాటవలెను. ముసలమ్మ ఊదిన నలుసులలో ఎన్ని ఆ సాయంకాలము గమ్యము చేరినవో నేను చూడలేదు; చేరుటకు మరియొక చెట్టు ఉండవలెనన్నదే నా విన్నపము.